బ్యాడ్జ్ కింద మిగిలిన రంగు

వేలూరులో బండ్లకు ర్యాప్ వేసే షాపుల్లో ఇప్పటికీ ఒక కథ తిరుగుతోంది. గుడియాత్తం నాయుడుగారి పాత కారుకు అసలు రంగు ఏదో ఎవరికీ తేలకపోతే, సెల్వం షాపులో పనిచేసే విజయ అనే ఆమె కారును ఒక్కసారి తేరిపార చూసి రంగు చెప్పేసిందట. ఇంకో షాపులో అయితే ఆమె కంప్యూటర్‌లో కనిపెట్టిందంటారు. ఆ విజయను నేనే. రెండూ అబద్ధాలు. ఆ రంగు దొరికింది నా చూపు వల్ల కాదు, కంప్యూటర్ వల్ల అంతకన్నా కాదు. ఒక ఇల్లాలి మొండితనం వల్ల దొరికింది.

మెచ్చుకుంటూ చెప్పే అబద్ధమే కదా, ఊరుకుంటే పోయేదేముంది అని మా చెల్లెలు అంటుంది. ఊరుకోను. ఈ పనిలోకి కొత్తగా వచ్చే పిల్లలు ఆ కథ విని, గొప్పతనమంతా పనివాళ్ళ కంట్లో ఉందనుకుంటారు. ఎన్నో ఏళ్ళు ఈ పని చేసి చెబుతున్నాను. గొప్పతనం బండిలో ఉంటుంది, దాని మీద రోజూ చేతులు వేసిన మనుషుల్లో ఉంటుంది. మనం మధ్యలో దారం పట్టుకుని నిలబడతాం.

తీసే పని

నేను చిత్తూరులో కెమిస్ట్రీ డిగ్రీ చదివాను. తెలుగు రాయడం అక్కడే వంటబట్టింది. తమిళనాడులో ఉండే మావాళ్ళు తెలుగు గడగడా మాట్లాడతారు గానీ చాలామంది అక్షరం చదవలేరు. ఇది చేతికొచ్చినవాళ్ళు పక్కవాళ్ళకు చదివి వినిపించండి. సెల్వం షాపులో బిల్లులు రాయడానికి చేరి, కుర్చీలో కూర్చోలేక పనిలోకి దిగాను. ఆడమనిషి కార్ల కింద కూర్చుంటే చూడ్డానికి బాగుండదని చెప్పినవాళ్ళందరూ తర్వాత తమ కార్లు తెచ్చి నాకే ఇచ్చారు.

కారు మొత్తానికి జిగురున్న పలచటి రంగు ప్లాస్టిక్ ఫిల్మ్ తొడగడం ర్యాప్. కారు వెనక, ముందు మెరిసే కంపెనీ గుర్తు, పేరు అక్షరాలు బ్యాడ్జ్‌లు. ఫిల్మ్ పరిచే ముందు వాటిని తీయాలి. చూడవచ్చినవాళ్ళు ఫిల్మ్ పరుస్తున్నప్పుడు ఫోన్లు పైకెత్తి వీడియోలు తీస్తారు. బ్యాడ్జ్ తీస్తుంటే టీ తాగడానికి పోతారు. అంతా తలకిందులు. అతికించడం ఓపికున్న ఎవరికైనా వస్తుంది. తీయడంలోనే మనిషి తెలుస్తుంది. బ్యాడ్జ్ ఉంచేసి దాని చుట్టూ ఫిల్మ్ కత్తిరించేవాళ్ళున్నారు. వాళ్ళను నేను పనివాళ్ళ కింద లెక్కపెట్టను.

ముందు అక్షరాల చుట్టూ కాగితం టేపు అంటించి, అవి ఎక్కడున్నాయో గుర్తు పెట్టుకోవాలి. తర్వాత వేడి. హీట్ గన్‌ను ఒకచోట నిలపకుండా ఆడిస్తూ, మధ్యమధ్యలో చేతి వెనక వైపుతో రేకును తాకి చూడాలి. చెయ్యి ఓర్చుకోలేని వేడిని రంగు కూడా ఓర్చుకోదు. అప్పుడు అక్షరం వెనకగా నైలాన్ దారం దూర్చి, ఇటూ అటూ రంపంలా మెల్లగా ఆడించాలి. నేను గుడియాత్తం దగ్గరి మోర్ధానా డ్యాంలో చేపలు పట్టేవాళ్ళు వాడే దారమే వాడేదాన్ని. బజారు దారం మధ్యలో తెగి పరువు తీస్తుంది. అక్షరం వదిలాక, రేకు మీద మిగిలిన జిగురును బొటనవేలితో ఉండలు చుట్టి తీయాలి. గోరు తగలకూడదు. కత్తి దగ్గరికే రాకూడదు. ఆ ఉండలు చుట్టీ చుట్టీ నా బొటనవేలి నరం పాడైంది. అందుకే మా ఈడువాళ్ళు ఇంకా ఉద్యోగాలు చేస్తుంటే నేను రిటైరై కూర్చుని మీకు పాఠాలు చెబుతున్నాను.

సెల్వం అన్న స్క్రూడ్రైవర్

మా ఓనరు సెల్వం అన్న మంచి పనివాడు. తొందర ఒక్కటే జబ్బు. తమిళంలో తిట్టి తెలుగులో బుజ్జగించేవాడు.

ఒకసారి బాగాయం నుంచి ఒక కాలేజీ మేడమ్ కారు వచ్చింది. డిక్కీ మీద గుండ్రటి కంపెనీ గుర్తు. దారం ఎంత దూర్చినా పోవడం లేదు. "ఆగన్నా, ఏదో అడ్డముంది" అన్నాను.

"జిగురు గట్టిగా ఉండాది, అంతే! కస్టమర్ వచ్చే టైమైంది, నీ పాఠం తర్వాత చెప్పు" అని స్క్రూడ్రైవర్ పెట్టి ఒక్క ఎత్తు ఎత్తాడు. టక్కుమంది. ఆ గుర్తు జిగురుతో అంటించింది కాదు. వెనక మేకుల్లాంటి కాళ్ళతో రేకు లోపలికి దిగబడి ఉంది. కాళ్ళు విరిగి, రేకులో చిల్లులు మిగిలాయి. సెల్వం అన్న వాటి మీద ఫిల్మ్ పరిచేసి, ఊదుబత్తి వెలిగించి, కారు పంపేశాడు.

తర్వాత వాన పడింది. మేడమ్ ఆటోలో దిగింది. చేతిలో తడి పట్టుచీరల మూట.

"ఏం నాయనా సెల్వం, నా డిక్కీలో డ్యాం కట్టినావే, చేపలు కూడా నువ్వే వదుల్తావా?"

సెల్వం అన్న నా వైపు చూశాడు. నేను పైకి చూశాను. ఫ్యాన్ బాగా తిరుగుతోంది.

తప్పయిందని ఆయన నోటితో ఎన్నడూ అనలేదు. కానీ ఆ తర్వాత ఏ కారొచ్చినా ముందు డిక్కీ తెరిచి, లోపలి వైపు తడిమి చూసి, ఆ తర్వాతే "ఊఁ, దారం పెట్టు" అనేవాడు. నోటితో క్షమాపణ చెప్పి మళ్ళీ అదే పని చేసే ఓనర్లకన్నా ఇలాంటివాళ్ళు నయం.

కారు నుదురు

ఇంకో సంగతి. పెద్ద ఊళ్ళలో ఈ పని నేర్చుకుని వచ్చినవాళ్ళకు ఇది తెలియదు. మన వైపు కారు ఇంటికి వచ్చిన రోజు నుంచి బ్యాడ్జే దాని నుదురు. శుక్రవారం శుక్రవారం ఆడవాళ్ళు దానికి పసుపు రాసి కుంకుమ పెడతారు. ఆయుధపూజకు గంధం కూడా. పసుపులో కలిపిన నూనె అక్షరాల సందుల్లోకి దిగి, ఏళ్ళ తరబడి గడ్డ కడుతుంది. దాన్ని పూర్తిగా తుడవకపోతే ఎంత ఖరీదైన ఫిల్మయినా సరిగ్గా అక్కడే లేస్తుంది. చెన్నై నుంచి వచ్చిన ఫిల్మ్ కంపెనీ మనిషి "మా జిగురులో లోపం లేదు" అని వాదించాడు. లేదు నాయనా, నీకు మా శుక్రవారాలు తెలియవంతే అన్నాను.

నూనె తుడవడం సులభం. ఇంటి ఆడవాళ్ళను ఒప్పించడం కష్టం. బొట్టు పెట్టినదాన్ని పీకుతారా అని ఎన్ని ఇళ్ళవాళ్ళు కారు వెనక్కి తోలుకుపోయారో. అందుకని నేను ఒక పద్ధతి పెట్టుకున్నాను. తీసిన అక్షరాలను ఇత్తడి తట్టలో తమలపాకుల మీద పేర్చి, ఆ ఇంటావిడ చేతికిచ్చేదాన్ని. ఆమె వాటికి తట్టలోనే బొట్టు పెట్టేది. కారుకు పనయ్యేదాకా నుదురు తట్టలో ఉంటుంది. "ఇది షాపా, కోవెలా?" అని సెల్వం అన్న ఎగతాళి చేశాడు. తర్వాత పెద్ద తట్ట ఆయనే కొనుక్కొచ్చాడు.

నీళ్ళా, ఆకా

ఇప్పుడు నాయుడుగారి కారు.

మునిరత్నం నాయుడుగారు గుడియాత్తంలో లుంగీల వ్యాపారం చేసి మానుకున్న మనిషి. భార్య సరోజమ్మ. వాళ్ళ కారు నేను చదువుకునే రోజుల్లో కొన్నది. మధ్యలో వ్యాపారం తగ్గినప్పుడు దాన్ని బాడుగకు తిప్పడానికి తెల్లరంగు కొట్టించారు. తెల్లగానే మా షాపుకు తెచ్చారు.

"ఈ తెలుపు నాకొద్దమ్మా. నా కారు రంగు నాకు కావాల" అన్నాడాయన.

"ఏ రంగు నాయుడుగారూ?"

"మోర్ధానా నిండినప్పుడు నీళ్ళుండాయే, ఆ రంగు."

సరోజమ్మ వెంటనే అందుకుంది. "నీళ్ళకు యాడిదయ్యా రంగు? ముదురు తమలపాకు రంగమ్మా. రోజూ తుడిచినదాన్ని, నాకు తెలవదా?"

"తుడిచింది నువ్వు. తోలింది నేను."

"తోలేవాడు లోపల కూసోనుంటాడు. రంగు బయట ఉంటాది."

సెల్వం అన్న నవ్వు ఆపుకోలేక షెడ్డు వెనక్కి వెళ్ళాడు. నాకు మాత్రం నవ్వు రాలేదు. నాయుడుగారు మాట్లాడుతున్నంతసేపు నా ముఖం వైపు కాక, నా భుజం పక్కకు చూస్తున్నాడు.

ఆయనే చెప్పాడు. "షుగర్ కండ్లలోకి దిగిందమ్మా. చిన్నవి కనపడవు. పెద్దవైతే, ఎండలో ఉంటే, ఇంకా కనపడతా ఉండాయి. అది కూడా నిలవదని డాక్టరు చెప్పేసినాడు. ఉన్నప్పుడే నా కారును ఒక్కసారి దాని రంగులో చూడాల."

ఆయన అడిగింది అంతే. మా అందరి ఇబ్బంది ఏమిటంటే, ఆ రంగు ఎక్కడా మిగల్లేదు. పాత ఫోటోలు ఎర్రబారిపోయాయి. రంగు నంబరుండే రేకు తుప్పుపట్టి రాలిపోయింది. ఆర్.సి.లో కూడా తెలుపని మార్పించేశారు. తలుపుల లోపల, డిక్కీ లోపల వెతికాను. అక్కడా తెలుపే. "లోపల ఒక రంగు, బయట ఒక రంగు ఉంటే జనం నవ్వరా? నేనే దగ్గర నిలబడి లోపలంతా కొట్టించినా" అంది సరోజమ్మ గర్వంగా.

ఫిల్మ్ రంగుల పుస్తకాలు చెన్నై నుంచి తెప్పిస్తాం, ఈలోపు బ్యాడ్జ్‌లు తీసి పెడతాం అన్నాను. చూశారా, నాకేమీ తట్టలేదు. రోజూ చేసే పని చేయబోయానంతే.

వేడి గుడ్డ

సెల్వం అన్న హీట్ గన్ ఎత్తాడు. వద్దన్నాను. రంగు మీద రంగు కొట్టిన పాత రేకు, పైది పొరలుగా లేచి వస్తుంది.

"గన్ లేకుండా ఎట్ల తీస్తావ్? మంత్రం వేస్తావా?"

"వేడినీళ్ళలో గుడ్డ ముంచి కాపడం పెడతాను."

"కారుకు కాళ్ళ నొప్పులా!"

వాదించి గెలిచాను. గుడ్డ ముంచి, పిండి, అక్షరాల మీద పరిచి, చల్లారగానే మళ్ళీ ముంచి, అలా చాలాసేపు. గడ్డకట్టిన పసుపు కరిగి, నా మణికట్టు దాకా పసుపు నీళ్ళు కారాయి. దారం దూర్చాను. మొదటి అక్షరం మెల్లగా, నిద్రపోతున్న బిడ్డ వేలు వదిలినట్టు వదిలింది. దాన్ని తట్టలో పెట్టి, జిగురును బొటనవేలితో చుట్టాను.

కింద తెలుపు లేదు.

గుడ్డతో ఇంకోసారి తుడిచి చూశాను. తెల్లటి రేకు మధ్యలో, చుట్టూ పసుపు అంచుతో, ఆ అక్షరం ఆకారంలో ఆకుపచ్చ. నిన్న కొన్నంత కొత్తగా ఉంది. ఎండా వానా, బాడుగ తిప్పుళ్ళు, మనుషులు ముసలివాళ్ళవడం, ఇవేవీ దాన్ని తాకలేదు. రెండో అక్షరం తీశాను. మూడోది. కారు పేరు మొత్తం తన అసలు రంగులో నా ముందుకొచ్చింది. నేను లెక్కలేనన్ని బ్యాడ్జ్‌లు తీశాను. జిగురు చూశాను, దుమ్ము చూశాను, ఎండిన చీమలను చూశాను. అలాంటిది చూడలేదు. సెల్వం అన్న చెప్పులు విప్పి పక్కన నిలబడ్డాడు. ఎందుకు విప్పావని నేనూ అడగలేదు.

తర్వాత నా అలవాటు ప్రకారం తిట్టాను. "బ్యాడ్జ్ తీయకుండా చుట్టూ కొట్టేసిన సోమరి పెయింటర్ ఎవడోగానీ..."

"వాడినేమీ అనొద్దు" అంది సరోజమ్మ. "వాడు తీస్తాననే అన్నాడు. నేనే తీయనీలేదు. శుక్రవారం బొట్టు పెట్టుంటిని. బొట్టున్నదాన్ని పీకితే చెయ్యి ఇరుగుతాదని అరిచినా."

ఇదీ అసలు కథ. చూపూ లేదు, కంప్యూటరూ లేదు.

తర్వాత ఆమె భర్తను మోచేత్తో పొడిచింది. "చూసినావా? ఆకు!"

నాయుడుగారు వంగాడు. ఇంకా వంగాడు. ముక్కు రేకుకు తగిలింది. "ఏదీ? యాడ?"

సరోజమ్మ ముఖంలో గెలుపు పోయింది. ఆయన వేలు పట్టుకుని అక్షరం మీద పెట్టింది. ఆయన తడిమాడు. ఆకుపచ్చ వేలికి తెలిసేది కాదు కదా.

సెల్వం అన్న కారును షెడ్డులోంచి ఎండలోకి తోశాడు. అప్పుడు జరిగిందాన్ని కెమిస్ట్రీ చదివిన నేను ఈరోజు వివరించగలను. ఆ పాత రంగులో సన్నటి లోహపు పొడి ఉంది, వెలుతురు పడితే అది వేరే రంగు చూపిస్తుంది. కానీ ఆ క్షణంలో వివరణ తట్టలేదు. నీడలో ముదురు తమలపాకులా ఉన్న అక్షరాలు ఎండ తగలగానే నీలంగా మారిపోయాయి. నిండిన డ్యాం మీద గాలి వీచినప్పుడు నీళ్ళు ఎలా ఉంటాయో అచ్చం అలా. ఆకు జాడే లేదు.

ఆయన ఎప్పుడూ ఎండలో తోలాడు. ఆమె ఎప్పుడూ ఇంటి ముందు పందిరి నీడలో తుడిచింది.

"నాయుడుగారూ, మీరు చెప్పిందీ నిజమే. నీళ్ళే" అన్నాను.

"ఎండలో ఏదైనా నీళ్ళ మాదిరే మెరుస్తాది" అని గొణిగింది సరోజమ్మ.

నాయుడుగారు నా వైపు తిరిగాడు. "నాకు చెప్పొద్దమ్మా. చూపించు."

నిమ్మకాయల బండి

చెన్నై నుంచి వచ్చిన రంగుల పుస్తకాల్లో ఆ రంగు లేదు. ఉన్నవి ఆకో, నీళ్ళో. రెండూ ఒకదాంట్లో లేవు. ఇక్కడ దారి చూపింది సెల్వం అన్న. వెండి మెరుపున్న ఫిల్మ్ మీద మా స్టిక్కర్ల మిషన్‌లో పలచటి ఆకుపచ్చను అచ్చు వేస్తే వెలుతురుకు మారుతుందన్నాడు. ముక్కలు అచ్చు వేయడం, వాటిని అక్షరాల పక్కన పెట్టి నీడలో ఒకసారి, ఎండలో ఒకసారి చూడడం. నీడలో కుదిరింది ఎండలో చచ్చిపోయేది. ఎండలో కుదిరింది నీడలో బురదలా ఉండేది. నేను వద్దన్న ప్రతి ముక్కకూ ఆయన ఒక తిట్టు తిట్టాడు. మళ్ళీ అచ్చు వేశాడు. ఆ పట్టుదలకు నేను ఈరోజుకీ నమస్కారం పెడతాను, ఆయన ఎదుట మాత్రం పెట్టను.

నాయుడుగారు మధ్యమధ్యలో వచ్చి బెంచీ మీద కూర్చునేవాడు. మా షాపు ఎదురుగా రోడ్డుకు అవతల ఒక నిమ్మకాయల బండి ఉండేది. మొదట్లో ఆయన, "నిమ్మకాయలు పచ్చగా బాగుండాయే" అన్నాడు. ఇంకోసారి, "ఆడ ఏదో పచ్చగా ఉండాదే, నిమ్మకాయల బండేనా?" అని అడిగాడు. ఆ తర్వాత వచ్చినప్పుడు, "ఏమ్మా, ఆ నిమ్మకాయలాయన ఈరోజు రాలేదా?" అన్నాడు.

బండి అక్కడే ఉంది.

"వచ్చినాడయ్యా, పక్కకు జరిపి పెట్టినాడు" అంది సరోజమ్మ తడుముకోకుండా.

ఆ రోజు సెల్వం అన్న నన్ను తిట్టకుండా పనిచేశాడు. మరుసటి ముక్క కుదిరింది.

ఇంకో పని మిగిలింది. తెల్లరంగు అక్షరాల అంచుదాకా వచ్చి ఆగడంతో అక్కడ చిన్న గట్టు ఏర్పడింది. దాన్ని ఉప్పుకాగితంతో రుద్ది సమం చేయకపోతే ఫిల్మ్ మీద అక్షరాల నీడ తేలుతుంది. అందరూ మొత్తం రుద్దేస్తారు. నేను తెలుపును మాత్రమే తగ్గించి, ఆ ఆకుపచ్చను ముట్టుకోలేదు. అది ఇప్పటికీ ఫిల్మ్ కింద ఉంది. ఎవరికీ కనపడదు, అయినా ఉంది.

ఎండలో

కారు ఇచ్చే రోజు మిట్టమధ్యాహ్నం ఎండకే రమ్మన్నాను. బ్యాడ్జ్‌లు తిరిగి వాటి చోట పెట్టేశాం. కారును షెడ్డు బయటికి తోశాం. ఎండ దాని మీద పడగానే గుడియాత్తం బస్సులో కిటికీ పక్కన కూర్చున్నవాళ్ళు తలలు బయటపెట్టారు. ఆ ముక్కు నుంచి ఈ తోకదాకా నీళ్ళు. కదలని, మెరిసే నీళ్ళు. నేనే చేశాను, అయినా నేను చేసినట్టు నాకనిపించలేదు. అది ఎక్కడికో వెళ్ళి తిరిగొచ్చినట్టు ఉంది.

నాయుడుగారు రోడ్డు అంచున నిలబడి, నుదుటికి చెయ్యి అడ్డం పెట్టుకుని చూశాడు. చాలాసేపు చూశాడు. సరోజమ్మ కుంకుమ భరిణె తెరిచి, బ్యాడ్జ్‌కు పసుపు రాసి, కుంకుమ వేలికి తీసుకుని ఆగింది.

"చెప్పు. నా ఆకా, నీ నీళ్ళా?"

"నీ ఆకేనే సరోజా" అన్నాడాయన. "నువ్వు చెప్పిందే రైటు. ముదురు తమలపాకు."

"ఇది చెప్పేదానికి ఇన్నేండ్లు పట్టిందా నీకు?" అంది ఆమె. కానీ కుంకుమ వేలు గాలిలోనే ఉండిపోయింది. ఆమె కారు వైపు చూసింది, తర్వాత నా వైపు చూసింది. ఆ ఎండలో ఆ కారు మీద ఎక్కడా ఆకు లేదు. ఆమెకూ తెలుసు, నాకూ తెలుసు. అప్పుడు ఆమె బొట్టు పెట్టి, ఆయన చెయ్యి పట్టుకుని కారెక్కించింది.

నేను ఎవరితోనైనా వాదిస్తాను. సెల్వం అన్నతో, ఫిల్మ్ కంపెనీతో, మా చెల్లెలితో. ఆయన్ను మాత్రం, ఆ రోజు రంగు కనపడిందా అన్న ఒక్క మాట అడగలేకపోయాను. తర్వాత ఒకసారి కే.వి.కుప్పం సంతలో సరోజమ్మ కనబడితే ఆమెను అడిగాను. వంకాయలు ఏరుతూ, తల ఎత్తకుండా, "నేను అడగలేదు తల్లీ. నువ్వూ అడగొద్దు" అంది.

సరే, ఆయన్ను అడగను. ఈ పనిలోకి వచ్చే మిమ్మల్ని అడుగుతాను. జీవితమంతా నీళ్ళని వాదించిన మనిషి, కారు నీళ్ళలా మెరుస్తున్న ఎండలో నిలబడి ఆకు అన్నాడు. ఆ రంగు ఆయన కంటిదాకా చేరక అలా అన్నాడా, చేరింది కాబట్టే ఇక గెలుపు ఆమెకు వదిలేశాడా?